నల్లపొగ రాని లారీ నిర్దోషి అనుకోవచ్చా?

రహదారి మీద నల్లపొగ కక్కుతూ పోయే లారీ కనబడితే ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటాం. పొగ కనబడని లారీ మన పక్కనుంచే పోయినా పట్టించుకోము. ఒక వైద్యునిగా నన్ను ఇటీవల ఎక్కువగా కలవరపెడుతున్నవి ఈ రెండవ రకం లారీలలో కొన్ని. కర్మాగారంలో వాటికి బిగించిన పొగశుద్ధి పరికరాలను ఆ తరువాత ఎవరో పనిచేయకుండా చేసి ఉంటారు. బండి చక్కగా లాగుతుంది. సైలెన్సరు చివర మసి కనబడదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా చేతికి వస్తుంది. కానీ ఆ బండి వెనుక మిగిలే గాలిలో ఉండవలసినదానికంటే ఎన్నో రెట్లు విషవాయువు ఉంటుంది.

మన దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి బీఎస్‌-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్‌-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఆ రోజులలో కొన్న లారీలకు ఇప్పుడు వయసు మళ్లుతోంది. వారంటీ ముగిసింది. చాలా బండ్లు చేతులు మారాయి. సెన్సార్లు మొరాయించే కాలం వచ్చింది. సరిగ్గా ఈ దశలోనే యజమానికి ఒక సలహా అందుతుంది: "ఆ యూరియా సిస్టం తీయించేయండి, పీడ విరగడవుతుంది." ఆ సలహాను ఎందుకు వినకూడదో వైద్యుని దృష్టితో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. దానితోపాటు, నేరమంతా యజమాని నెత్తిన పెట్టి ప్రభుత్వం చేతులు దులుపుకోవడం కూడా న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇంజినులో పుట్టే రెండు విషాలు

డీజిల్ ఇంజినులో స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని బలంగా అదిమితే అది విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే తనంతట తానే అంటుకుంటుంది. పాత లారీలలో ఈ చిమ్మే పనిని మెకానికల్ పంపు చేసేది. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో డీజిలు వెయ్యి వాతావరణాలకు మించిన పీడనంతో సిద్ధంగా ఉంటుంది. ఏ క్షణంలో ఎంత చిమ్మాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. అందువల్ల ఇంధనం బాగా మండుతుంది, మైలేజీ పెరుగుతుంది, మసి తగ్గుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. మంట సరిగా లేకపోతే పుట్టేది మసి. మంట మరీ వేడిగా ఉంటే పుట్టేవి నైట్రోజన్ ఆక్సైడ్లు. మనం పీల్చే గాలిలో దాదాపు నాలుగింట మూడు వంతులకు పైగా ఉన్న నైట్రోజన్ సాధారణంగా దేనితోనూ జోలి పెట్టుకోదు. ఇంజిను లోపలి మహావేడికి అది కూడా ఆక్సిజనుతో కలిసిపోతుంది. మంటను చల్లబరిస్తే ఈ వాయువులు తగ్గుతాయి, మసి పెరుగుతుంది. మంటను పెంచితే మసి తగ్గుతుంది, ఈ వాయువులు పెరుగుతాయి. ఒక చెవి కమ్మ తీసి ఇంకో చెవికి పెట్టినట్లే!

కాబట్టి "నల్లపొగ లేదు కనుక విషం లేదు" అనే తర్కం చెల్లదు. మసి లేకుండా చక్కగా మండే ఇంజినే చాలాసార్లు కంటికి కనబడని ఈ వాయువులను ఎక్కువగా తయారుచేస్తుంది. రెండింటినీ ఒకేసారి అదుపు చేయడం ఇంజిను ఒక్కదానివల్ల కాదు. పొగ బయటకు వచ్చే దారిలో వేరే పరికరాలు ఉండాలి.

సైలెన్సరు దారిలోని అవయవాలు

ఆ పరికరాలను నేను అవయవాలు అంటాను. కారణం మీకే తెలుస్తుంది.

మొదటిది ఈజీఆర్. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజినులోకి పంపి మంట వేడిని తగ్గిస్తుంది. తరువాత ఆక్సిడేషన్ ఉత్ప్రేరకం. ప్లాటినం వంటి విలువైన లోహాల పూతతో ఇది కార్బన్ మోనాక్సైడును, మండకుండా మిగిలిన ఇంధనపు ఆవిరులను దహించివేస్తుంది. మూడవది డీపీఎఫ్ అనే జల్లెడ. తేనెపట్టులాంటి గదులున్న ఈ పింగాణీ దిమ్మె అతి సన్నని మసిని సైతం ఆపుతుంది. గదులు నిండినప్పుడు సుమారు 600 డిగ్రీల వేడితో ఆ మసిని కాల్చుకొని తనను తాను శుభ్రపరచుకుంటుంది.

నాలుగవది, మన చర్చకు ముఖ్యమైనది ఎస్‌సీఆర్. దీనికోసమే లారీకి డీజిల్ ట్యాంకు పక్కన ఇంకొక చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో పోసే డెఫ్ ద్రవాన్ని డ్రైవర్లు యాడ్‌బ్లూ అని, యూరియా అని పిలుస్తారు. అది 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగిలినది శుద్ధమైన నీరు.

యూరియా అనగానే రక్తపరీక్ష చేయించుకున్నవారికి బ్లడ్ యూరియా గుర్తుకు వస్తుంది. పోలిక నిజంగా ఆసక్తికరమైనదే. మనం తిన్న మాంసకృత్తులు అరిగినప్పుడు ఒంటిలో అమ్మోనియా పుడుతుంది. అది మెదడుకు విషం. మన కాలేయం ఆ అమ్మోనియాను బొగ్గుపులుసు వాయువుతో కలిపి అంత హాని లేని యూరియాగా మారుస్తుంది. మూత్రపిండాలు దానిని బయటకు పంపుతాయి. లారీలో ఈ కథ వెనుకకు నడుస్తుంది. వేడి పొగలోకి చిమ్మిన యూరియా విడిపోయి అమ్మోనియా ఇస్తుంది. ఆ అమ్మోనియా ఉత్ప్రేరకం మీద నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టుకొని మామూలు నైట్రోజనుగా, నీటి ఆవిరిగా మార్చివేస్తుంది. కాలేయం మనకు చేసే మేలును ఈ పరికరం వీధికి చేస్తున్నదన్నమాట.

సరిగా పనిచేస్తున్న ఎస్‌సీఆర్ నైట్రోజన్ ఆక్సైడ్లను 90 శాతం వరకు తగ్గించగలదు. మన కరెంటు మీటరులో ఒక యూనిట్ అంటే ఎంత శక్తో, అంత శక్తిని భారీ డీజిల్ ఇంజిను ఇచ్చినప్పుడు విడుదల కాదగిన నైట్రోజన్ ఆక్సైడ్లు బీఎస్‌-3లో 5 గ్రాములు, బీఎస్‌-4లో 3.5 గ్రాములు. బీఎస్‌-6 వచ్చేసరికి స్థిరవేగ పరీక్షలో ఆ పరిమితి 0.4 గ్రాములకు దిగింది. ఇంత తగ్గుదల సాధించినది ముఖ్యంగా ఈ యూరియా ట్యాంకు, దాని వెంటనున్న ఉత్ప్రేరకం. వాటిని పనిచేయకుండా చేస్తే బండి మీద బీఎస్‌-6 అని రాసి ఉంటుంది, గాలిలో మాత్రం పాతకాలపు బండి తిరుగుతుంటుంది.

యజమాని బాధ అబద్ధం కాదు

ఈ పరికరాలను తీసేవారందరూ దుర్మార్గులని నేను అనను. వారి కష్టం వాస్తవమైనదే. వంద లీటర్ల డీజిలుకు సుమారు మూడు నుంచి ఆరు లీటర్ల డెఫ్ ద్రవం ఖర్చవుతుంది. కల్తీ ద్రవం పోస్తే చిమ్మే ముక్కు దగ్గర ఉప్పులా గడ్డకట్టి మూసుకుపోతుంది. పొగలోని వాయువును కొలిచే సెన్సారు చెడిపోతే కొత్తదానికి వేలకు వేలు పోయాలి. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, లోపం సరిచేయకుండా కొంత దూరం నడిపితే కంప్యూటరు ఇంజిను శక్తిని తగ్గించివేస్తుంది. నిండు లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కుతున్న బండి నీరసించిపోతే డ్రైవరు పరిస్థితి ఊహించండి. లోడు ఆలస్యమైతే కిరాయిలో కోత. నెల తిరిగేసరికి ఫైనాన్సు కిస్తీ.

ఆ నిస్సహాయ స్థితిలో ఎవరో ఒక చిన్న పెట్టె చూపిస్తారు. దానిని తగిలిస్తే, ద్రవం చిమ్ముతున్నట్లు, అంతా సవ్యంగా ఉన్నట్లు కంప్యూటరుకు తప్పుడు సంకేతాలు వెళతాయి. దీనినే బైపాస్ అంటున్నారు. మరికొందరు కంప్యూటరులోని ప్రోగ్రామునే మార్పిస్తారు. డీపీఎఫ్ నిండిపోయిన బండ్లలో లోపలి తేనెపట్టును పొడిచి గుల్లచేసి, పై డబ్బాను యథాతథంగా వెల్డింగు చేస్తారు. బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు.

ఇంకొందరు పొలానికి చల్లే యూరియానే నీళ్లలో కలిపి ట్యాంకులో పోస్తారు. మన దేశంలో పంటల యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. ఆ పూత, అందులోని ఇతర మలినాలు ఉత్ప్రేరకాన్ని పూడ్చివేస్తాయి. రైతు పేరిట ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చే ఎరువును దారి మళ్లించడం నేరం కూడా. రైతులు ఎరువుల దుకాణం ముందు వరుసలో చెప్పులు పెట్టి ఎదురుచూసే రాష్ట్రాలలో ఈ పని చేయడం మరింత బాధాకరం.

రక్తపోటు మందుల విషయమై నా వద్దకు వచ్చే ఒక లారీ యజమాని ఒకసారి ఈ బైపాస్ సంగతి తానే చెప్పాడు.

"డాక్టరు గారూ, బండి పొగే రావడం లేదండీ. పొల్యూషన్ చెక్ కూడా పాసైంది. ఇంక దానివల్ల ఎవరికి నష్టమండీ?" అన్నాడు.

"మీకు బీపీ నూటఎనభై ఉన్న రోజున తలనొప్పి ఏమైనా వచ్చిందా?" అని అడిగాను.

"లేదండీ. బ్రహ్మాండంగా ఉన్నాను."

"మరి మాత్రలు ఎందుకు వేసుకుంటున్నారు?"

ఆయన నవ్వేసి, "లోపల పాడైపోతుందని మీరేగా చెప్పారు" అన్నాడు. నేను చెప్పదలచుకున్నది ఆయన నోటనే వచ్చింది. బాధ లేకపోవడం ఆరోగ్యానికి గుర్తు కాదు, పొగ లేకపోవడం శుభ్రతకు గుర్తు కాదు. డాష్‌బోర్డు మీద వెలిగే దీపం శరీరంలో నొప్పి వంటిది. అపెండిసైటిస్ నొప్పికి మాత్ర మింగి ఊరుకుంటే నొప్పి తగ్గవచ్చు, అపెండిక్స్ లోపల పగలవచ్చు. బైపాస్ పెట్టె చేసే పని కూడా దీపాన్ని ఆర్పడమే.

ఊపిరితిత్తులలో ఏమి జరుగుతుంది?

నైట్రోజన్ ఆక్సైడ్లలో మనకు ఎక్కువ హాని చేసేది నైట్రోజన్ డయాక్సైడు. దీని స్వభావం మోసకారి. అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు వంటి వాయువులు నీటిలో ఇట్టే కరుగుతాయి. అందువల్ల ముక్కులో, గొంతులో తడి తగలగానే మంట పుట్టిస్తాయి. దగ్గు వస్తుంది, మనిషి పక్కకు తప్పుకుంటాడు. నైట్రోజన్ డయాక్సైడు నీటిలో అంత సులువుగా కరగదు. గొంతును పెద్దగా కదిలించకుండానే దిగువకు జారి, చిట్టచివరి సన్నని శ్వాసనాళాల వరకు చేరుతుంది. అక్కడ లోపొరను రేపుతుంది. శరీరం అపాయాన్ని పసిగట్టి తప్పుకునే అవకాశమే ఇవ్వదు.

ఉబ్బసం ఉన్నవారిలో ఇది ఆయాసాన్ని తీవ్రం చేస్తుంది. ఊపిరితిత్తులకు అంటువ్యాధులను ఎదుర్కొనే శక్తిని తగ్గిస్తుంది. వాహనాల రద్దీ ఉన్న దారుల పక్కన పెరిగే పిల్లలలో కొత్తగా ఉబ్బసం రావడానికీ, ఈ వాయువుకూ సంబంధం ఉన్నట్లు పరిశోధనలు సూచిస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గతంలో ఏడాది సగటుగా ఘనమీటరు గాలిలో 40 మైక్రోగ్రాముల వరకు ఈ వాయువును అనుమతించేది. 2021లో ఆ పరిమితిని 10కి తగ్గించింది. మన దేశపు ప్రమాణం నేటికీ 40గానే ఉన్నది.

కథ అంతటితో ముగియదు. ఎండలో ఈ వాయువులు ఇంధనపు ఆవిరులతో కలిసి ఓజోనును తయారుచేస్తాయి. ఆకాశంలో ఎంతో ఎత్తున ఉన్న ఓజోను మనకు గొడుగు. నేలబారున పుట్టిన ఓజోను ఊపిరితిత్తులకు శత్రువు. లాస్ ఏంజెలెస్ నగరాన్ని కళ్లు మండించే మసకమంచు కమ్ముకున్న కాలంలో, దాని వెనుక ఉన్నవి వాహనాల పొగ, సూర్యరశ్మి అని 1950ల తొలినాళ్లలో తేల్చి చెప్పినవాడు ఆరీ హాగెన్‌స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త. ఎండకు కొదవలేని మన ప్రాంతాలకు ఆ పాఠం బాగా వర్తిస్తుంది. ఇవే వాయువులు గాలిలోని అమ్మోనియాతో కలిసి నైట్రేటు రేణువులుగా మారి పీఎం 2.5 ధూళిని కూడా పెంచుతాయి. అంటే రోడ్డు మీద కనబడని వాయువు, ఊరు దాటేసరికి ధూళిగా తిరిగి పుడుతుంది.

ఇక డీపీఎఫ్ తీసివేసిన బండి విడిచే మసి. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. డీజిల్ మసిరేణువులలో అత్యధిక భాగం ఒక మైక్రానుకంటే చిన్నవి. ముక్కులోని వెంట్రుకలు గానీ, గొంతులోని శ్లేష్మం గానీ వాటిని ఆపలేవు. అవి గాలితిత్తుల దాకా వెళ్లి తిష్ఠ వేస్తాయి. అతి సూక్ష్మమైనవి రక్తంలోకి కూడా ప్రవేశించగలవు. సన్నని ధూళిని దీర్ఘకాలం పీల్చినవారిలో గుండెపోటు, పక్షవాతం అధికంగా రావడానికి కారణం ఇదే. నోటితో పీల్చినది గుండెకు ఎలా తగులుతుందని చాలామంది అడుగుతారు. ఊపిరితిత్తులలో వాపు మొదలైతే ఆ ప్రభావం రక్తనాళాల గోడల మీద పడుతుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది.

కేన్సరు విషయంలో సందేహానికి తావు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1988లో డీజిల్ పొగను 'బహుశా కేన్సరు కారకం' అన్నది. 2012 జూన్‌లో ఆ 'బహుశా'ను తొలగించి, పొగాకు, ఆస్బెస్టాసు ఉన్న మొదటి వర్గంలో చేర్చింది. అమెరికాలో ఎనిమిది గనులకు చెందిన 12,315 మంది కార్మికుల మీద జరిగిన అధ్యయనం అదే ఏడాది వెలువడింది. భూగర్భంలో డీజిల్ యంత్రాల పొగను అత్యధికంగా పీల్చినవారిలో ఊపిరితిత్తుల కేన్సరు మరణాల ముప్పు, అతి తక్కువగా పీల్చినవారితో పోలిస్తే సుమారు మూడింతలు ఉన్నట్లు అందులో తేలింది.

ముందుగా పీల్చేది ఎవరు?

ఈ ప్రశ్నను ప్రతి యజమాని తనకు తాను వేసుకోవాలి. బైపాస్ చేసిన బండి పొగను మొట్టమొదట పీల్చేవారు ఆ బండి డ్రైవరు, క్లీనరే. లోడింగు దగ్గర, టోల్‌గేటు దగ్గర, చెక్‌పోస్టు దగ్గర వరుసగా నిలిచిన లారీల మధ్య గంటలకొద్దీ గడిపేది వారు. క్యాబిన్‌లోనే వండుకుని క్యాబిన్‌లోనే నిద్రపోయేది వారు. వారి తరువాత మెకానిక్కు, అతని వద్ద పని నేర్చుకునే కుర్రవాడు. ఆ తరువాత రోడ్డు వార టీ కొట్టు నడుపుకునే దంపతులు, పంక్చర్లు వేసే అబ్బాయి, టోల్‌గేటులో కూర్చునే అమ్మాయి.

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి పొడవునా, తీరం వెంట సాగే 16వ నంబరు రహదారి పొడవునా ఎన్ని ఇళ్లు, ఎన్ని బడులు రోడ్డును ఆనుకొని ఉన్నాయో మీరు చూసే ఉంటారు. పసిపిల్లలు తమ బరువుతో పోలిస్తే పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. వారి ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూ ఉంటాయి. డెఫ్ ద్రవానికి పెట్టవలసిన డబ్బు యజమాని జేబులో మిగిలింది నిజమే. ఆ బిల్లు మాత్రం నెబ్యులైజరు రూపంలో, ఇన్‌హేలర్ల రూపంలో, ఆసుపత్రి పడకల రూపంలో వేరేవారి ఇంటికి వెళుతుంది. వారిలో చాలామంది ఆ బండి యజమాని ముఖం కూడా ఎరుగరు.

"రోడ్డు మీద ఇన్ని వేల బండ్లుండగా నా ఒక్క బండితో ఏమవుతుంది?" అని అడిగేవారు ఉన్నారు. అమెరికా అనుభవం దీనికి జవాబు. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020 నవంబరులో ఒక నివేదిక ఇచ్చింది. సుమారు పదేళ్ల వ్యవధిలో 5,50,000కు పైగా డీజిల్ పికప్ ట్రక్కులలో ఈ పరికరాలను తొలగించినట్లు అందులో లెక్కగట్టారు. ఆ తరగతి ట్రక్కులలో అవి దాదాపు 15 శాతం. వాటి జీవితకాలంలో అదనంగా వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నులు, మసి 5,000 టన్నులు. పరికరాలు సక్రమంగా ఉన్న మరో 90 లక్షల ట్రక్కులను రోడ్డు మీదకు అదనంగా వదిలినట్లని ఆ నివేదిక పోల్చి చెప్పింది. "నా ఒక్క బండి" అనుకున్న ప్రతి యజమానీ కలిసి చేసిన పని అది.

సర్టిఫికెట్ ఏమి కొలుస్తున్నది?

మన పొల్యూషన్ పరీక్షలో డీజిల్ బండిని నిలబెట్టి, గేరు వేయకుండా యాక్సిలరేటరు తొక్కి, పొగ ఎంత చిక్కగా ఉన్నదో కొలుస్తారు. అంటే మసినే కొలుస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లను ఆ పరీక్షలో కొలవరు. కాబట్టి యూరియా వ్యవస్థను పూర్తిగా ఆపేసిన బండి కూడా నిజాయితీగానే ఉత్తీర్ణం కాగలదు. చక్కెర వ్యాధి ఉన్నవాడికి బరువు మాత్రమే చూసి ఆరోగ్యవంతుడని రాసిచ్చినట్లు ఉంటుంది ఈ సర్టిఫికెట్.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉన్నది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదు. 2019 సవరణ తరువాత, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి బండి నడిపితే 190వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, దానితోపాటు మూడు నెలలు లైసెన్సు పోయే ప్రమాదం ఉన్నది. శిక్ష ఉన్నది గానీ నేరాన్ని కనిపెట్టే సాధనం పరీక్షా కేంద్రంలో లేదు.

చేయవలసిన పనులు

యజమానులకు నా మనవి ఇది. డెఫ్ ద్రవాన్ని ఐఎస్‌ఓ 22241 ముద్ర, తయారీ తేదీ ఉన్న సీలు డబ్బాలలోనే కొనండి. ఎండలో నిలువ ఉంచకండి, మండుటెండకు అది పాడవుతుంది. దీపం వెలిగిన తొలి రోజులలోనే చూపించండి. అప్పుడు కడిగితే పోయే గడ్డ, నెలలు గడిస్తే మొత్తం వ్యవస్థను మార్చే దాకా తెస్తుంది. డీపీఎఫ్ తరచుగా నిండుతున్నదంటే లోపం దానిలో కాక ఇంజెక్టరులోనో, టర్బోలోనో, ఈజీఆర్‌లోనో ఉండవచ్చు. జ్వరం వస్తే థర్మామీటరును విరగ్గొట్టం గదా! డీపీఎఫ్ ఉన్న బండ్లకు తయారీదారు చెప్పిన తక్కువ బూడిద ఇచ్చే ఇంజిను ఆయిలే వాడండి. జల్లెడ తనను తాను కాల్చి శుభ్రపరచుకుంటున్నప్పుడు మధ్యలో ఇంజిను ఆపకండి. ఆ సమయంలో సైలెన్సరు భాగం నిప్పులా ఉంటుంది కనుక వరిగడ్డి, ఎండుటాకులు ఉన్నచోట బండి నిలపకండి. ఇంజిను నడుస్తుండగా క్యాబిన్‌లో నిద్రపోకండి.

పాత లారీ కొనేవారు ఆర్‌సీ, టైర్లు, ఇన్సూరెన్సు చూసినంత శ్రద్ధగా ఈ వ్యవస్థ పనిచేస్తున్నదో లేదో కంపెనీ వర్క్‌షాపులో స్కానరుతో పరీక్ష చేయించుకోండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగినా ట్యాంకులో డెఫ్ మట్టం తగ్గడం లేదంటే అనుమానించండి.

మెకానిక్ సోదరులకు ఒక మాట. నిండిన జల్లెడను మాస్కు లేకుండా ఎయిర్ కంప్రెసరుతో ఊదితే ఆ మసి అంతా ముందుగా మీ ఊపిరితిత్తులలోకే వెళుతుంది. మీ దగ్గర పని నేర్చుకునే పిల్లవాడి ఊపిరితిత్తులలోకి కూడా.

ప్రభుత్వం చేయవలసినది ఇంకా ఎక్కువ. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనాలకు ఎలాగూ ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉన్నది. ఆ పరీక్షలో బండి కంప్యూటరు జ్ఞాపకాన్ని చదివి, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే ఏర్పాటు చేయాలి. బైపాస్ పెట్టెలు తయారుచేసేవారిని, అమ్మేవారిని ముందుగా పట్టుకోవాలి. అమెరికా స్వచ్ఛవాయు చట్టం వాడినవారితో సమానంగా అమ్మినవారిని కూడా నేరస్థులుగా చూస్తుంది. రహదారుల వెంట అమ్మే డెఫ్ ద్రవం నమూనాలను తరచుగా పరీక్షించాలి. ఒకటి, రెండు లారీలున్న చిన్న యజమానికి సెన్సారు, ఉత్ప్రేరకం వంటి విడిభాగాలు అందుబాటు ధరలో దొరికేలా చూడాలి.

తయారీదారుల బాధ్యత కూడా ఉన్నది. 2015లో ఒక ప్రపంచ ప్రసిద్ధ కార్ల సంస్థ పరీక్షలో ఒకలాగా, రోడ్డు మీద మరొకలాగా పనిచేసే సాఫ్ట్‌వేరుతో సుమారు కోటీ పది లక్షల కార్లను అమ్మిందని బయటపడింది. చదువుకున్న ఇంజినీర్లు చేసిన పనిని చూశాక, దారి పక్క మెకానిక్కును మాత్రమే తప్పుపట్టడానికి మనసొప్పదు. లోపం రాగానే బండిని నడిదారిలో నీరసింపజేయడం కూడా సరైన పద్ధతి కాదు. అమెరికాలో పర్యావరణ సంస్థ 2025 ఆగస్టులో, డెఫ్ లోపం తలెత్తినప్పుడు వాహనం హఠాత్తుగా శక్తి కోల్పోకుండా, మరమ్మతుకు వ్యవధి దొరికేలా సాఫ్ట్‌వేరును సవరించమని తయారీదారులను కోరింది. ఇక్కడ కూడా అటువంటి వెసులుబాటు ఇస్తే, భయపడి బైపాస్ చేయించేవారు తగ్గుతారు. వ్యవధి ఇవ్వాలి, మినహాయింపు మాత్రం ఇవ్వకూడదు.

ఉద్యోగ జీవితంలో ఆయాసంతో వచ్చిన ప్రతి రోగినీ "సిగరెట్టు తాగుతారా? ఇంట్లో కట్టెల పొయ్యి ఉన్నదా?" అని అడిగేవాళ్లం. ఇప్పుడు వైద్యులు మరొక ప్రశ్న చేర్చుకోవాలి: "మీ ఇల్లు గానీ, మీ పని గానీ రహదారి పక్కన ఉన్నదా?" ఈ ప్రశ్నకు అవునన్నవారికి ఇన్‌హేలరు రాసివ్వడం మా చేతిలో ఉన్నది. వారు మళ్లీ పీల్చబోయే గాలి మాత్రం లారీ యజమానుల చేతిలో, వారి బండి పక్కనున్న ఆ చిన్న ట్యాంకులో ఉన్నది. దయచేసి దానిని ఎండబెట్టకండి.